గుంపు, మనిషి, మధ్యలో ఇంకో టేబుల్

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఒరాకిల్ నేర్చుకున్నవాళ్ళకి ఎంప్, డెప్ట్ టేబుళ్ళు కంఠతా వచ్చే ఉంటాయి. 14 మంది ఉద్యోగులు, 4 డిపార్ట్‌మెంట్లు. 40వ నంబరులో ఒక్కరూ ఉండరు, అయినా అది ఉంది! అంటే గుంపు వేరు, అందులోని మనుషులు వేరు. 1976లో పీటర్ చెన్ ఈఆర్ మోడల్ ప్రతిపాదించినప్పుడు, ఆ రెంటి మధ్య సంబంధానికి కూడా బొమ్మలో సొంత చోటిచ్చాడు.

మనమేమో డెప్ట్ నంబరుని ఎంప్‌లో ఒక కాలమ్ చేసేస్తాం. మనిషికి ఒకే గుంపు. బయట లోకం అలా ఉంటుందా?

మన డ్వాక్రా సంఘాలనే చూడండి. పథకం 1982లో మొదలైంది. 1992లో నాబార్డ్ బ్యాంకు లింకేజీ మొదలుపెట్టాక అప్పు సంఘం పేరు మీద, వాయిదా మాత్రం సభ్యురాలి చేతిలోంచి. తర్వాత మైక్రోఫైనాన్స్ కంపెనీలూ గ్రూపులు కట్టాయి. ఒకే ఆవిడ రెండు మూడు గ్రూపుల్లో! ఏ గ్రూపు లెక్క ఆ గ్రూపుకి సరిపోయింది. ఆవిడ మొత్తం బాకీ ఎంతో మాత్రం ఏ లెక్కలోనూ లేదు. పైగా పక్కావిడ వాయిదాకి పూచీ కూడా ఈవిడదే.

ఆత్మహత్యల వార్తలొచ్చాక, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఒకరు ఒక్క స్వయం సహాయక సంఘంలోనే ఉండాలని అందులో ఒక నిబంధన. కార్డినాలిటీని చట్టంలో రాశారన్నమాట!

నాకైతే అసలు మందు వేరే అనిపిస్తుంది. ఎవరు, ఏ గ్రూపు, ఎప్పట్నించి ఎప్పటిదాకా, ఎంత పూచీ... ఈ సభ్యత్వానికే ఓ టేబుల్ ఉండాలి. 2011 జనవరిలో మాలేగాం కమిటీ క్రెడిట్ బ్యూరో కావాలన్నదీ దాదాపు ఇందుకే. గుంపుని లెక్కపెట్టి ఊరుకుంటే మనిషి కనపడదు మరి.