ఒక్క డాలరుకి అమ్మిన స్థలం

ఆన్‌సైట్ పని మీద కాలిఫోర్నియాలో ఆర్నెల్లు ఉన్నాను. మౌంటెన్ వ్యూలో క్లయింట్ ఆఫీసు పార్కింగులో కార్ల మధ్య, నేలలో చిన్న చిన్న గుండ్రటి ఇనప మూతలు కనిపించేవి. డ్రైనేజీ అనుకున్నా. అక్కడ ఇరవై ఏళ్ళుగా ఉంటున్న మన తెలుగాయన ఒకరు నవ్వేసి, "డ్రైనేజీ కాదయ్యా, బావులు. భూమి కింద నీళ్ళల్లో విషం ఎంతుందో కొలవడానికి" అన్నారు. ఆ రాత్రి నిద్ర మానేసి చదివిన సంగతులే ఇవన్నీ.

సిలికాన్ వ్యాలీ అంటే మనకి సాఫ్ట్‌వేరే గుర్తొస్తుంది. కానీ పేరులోనే ఉంది కదా, అది మొదట చిప్పులు చేసిన చోటు. పొగగొట్టాలు లేవు కాబట్టి పరిశుభ్రమైన పరిశ్రమ అనుకున్నారు. చిప్పుల తయారీలో ట్రైక్లోరోఇథిలీన్ లాంటి ద్రావకాలు వాడి, భూమిలో పాతిన ట్యాంకుల్లో నిల్వ చేసేవాళ్ళు. ఆ ట్యాంకులు కారాయి. 1981 చివర్లో శాన్‌హోసేలో ఫెయిర్‌చైల్డ్ కంపెనీ ట్యాంకు కారిందనీ, దగ్గర్లోని మంచినీళ్ళ బావిలోకి ద్రావకం చేరిందనీ తేలాక గానీ ఎవరికీ మెలకువ రాలేదు. శాంటా క్లారా కౌంటీ ఒక్కదాంట్లోనే 23 సూపర్‌ఫండ్ స్థలాలు గుర్తించారు. అమెరికాలో మరే కౌంటీలోనూ అన్ని లేవు.

ఇంతకీ ఈ సూపర్‌ఫండ్ ఏంటి? దాని కథ మనవాళ్ళంతా ఫోటోలు దిగే నయాగరా దగ్గర మొదలయ్యింది. అక్కడ లవ్ కెనాల్ అనే పాత కాలవలో హుకర్ కెమికల్ కంపెనీ 1942 నుంచి 1953 దాకా సుమారు 21 వేల టన్నుల రసాయన వ్యర్థాలు పూడ్చిపెట్టింది. తర్వాత ఆ స్థలాన్ని స్కూలు బోర్డుకి ఒక్కటంటే ఒక్క డాలరుకి అమ్మేసింది. స్కూలు కట్టారు, చుట్టూ ఇళ్ళు లేచాయి. కొన్నేళ్ళకి విషం నేలమాళిగల్లోకి ఊరడం మొదలుపెట్టింది. లోయిస్ గిబ్స్ అనే ఒక మామూలు గృహిణి ఇల్లిల్లూ తిరిగి జనాన్ని కూడగట్టింది. 1978 ఆగస్టులో అధ్యక్షుడు కార్టర్ అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. 1980 డిసెంబరులో సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది.

చట్టం లాజిక్ సింపుల్. పాడుచేసినవాడు దొరికితే వాడి చేతే కక్కించు. వాడు దివాలా తీసినా, అడ్రసు లేకుండా పోయినా నిధిలోంచి శుభ్రం చెయ్యి. రిజైన్ చేసి పోయినవాడి కోడ్‌లో బగ్గొస్తే టికెట్ మన నెత్తిన పడుతుంది చూడండి, అలాంటిదే. కాకపోతే ఇక్కడ దానికి ముందే డబ్బు పక్కన పెట్టారు. ఐదేళ్ళకి 160 కోట్ల డాలర్లు, అందులో అధిక భాగం ముడిచమురు, రసాయనాల మీద వేసిన పన్ను నుంచి.

అసలు మలుపు 1995 చివర్లో వచ్చింది. ఆ పన్ను గడువు తీరింది, కాంగ్రెస్ పొడిగించలేదు. 2003కల్లా నిధి అడుగంటింది. ఇక ఖర్చు మామూలు జనం పన్నుల మీద పడింది. 1990ల చివర్లో ఏడాదికి 80కి పైగా స్థలాల్లో నిర్మాణ పనులు పూర్తయ్యేవి, 2003లో 40 దగ్గర ఆగింది. మిగిలినవి పెద్ద స్థలాలు కావడమూ ఒక కారణమేలెండి. కానీ డబ్బు కూడా కారణమే. చివరికి రసాయనాల మీద పన్నుని 2021 చట్టంతో, చమురు మీద పన్నుని 2022 చట్టంతో తిరిగి తెచ్చారు. మధ్యలో పాతికేళ్ళు పోయాయి.

ఇంకో తిరకాసు. కొన్నవాడి మీద కూడా బాధ్యత పడొచ్చన్న భయంతో ఊళ్ళ నడిమధ్య పాత ఫ్యాక్టరీ స్థలాలు ఎవరూ ముట్టుకోలేదు. అవి ఖాళీగా పడుండేవి, కొత్త కంపెనీలు ఊరి బయట పొలాల మీద పడేవి. అందుకే 2002లో బ్రౌన్‌ఫీల్డ్స్ చట్టం చేసి, జాగ్రత్తగా విచారించి కొన్నవాళ్ళకి రక్షణ, శుభ్రం చేసుకునే ఊళ్ళకి గ్రాంట్లు ఇచ్చారు.

అమెరికా గోల మనకెందుకంటారా? భోపాల్ యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో మిగిలిన 337 టన్నుల వ్యర్థాలు అక్కణ్ణుంచి కదిలింది 2025 జనవరిలో, అంటే దుర్ఘటన జరిగిన నలభై ఏళ్ళకి. దానికైన 126 కోట్ల రూపాయలు కేంద్రం ఇచ్చింది. 2010లో ప్రపంచ బ్యాంకు అప్పుతో మొదలైన పథకంలో మన కడప చెత్తదిబ్బ, హైదరాబాదు కాటేదాన్ దగ్గర నూర్ మహమ్మద్ కుంట ఉన్నాయి. ఆ అప్పు తీర్చేది మీరూ నేనూ. 2025 జూలైలో కలుషిత స్థలాల కోసమే ప్రత్యేకంగా నియమాలొచ్చాయి, సంతోషం. కానీ నియమం వేరు, గల్లాపెట్టెలో డబ్బు వేరు. లాభాలొస్తున్న రోజుల్లోనే పరిశ్రమ దగ్గర కాస్త తీసి పక్కన పెట్టకపోతే, ఫ్యాక్టరీ మూతపడ్డాక బిల్లు ఎప్పుడూ పక్కింటివాడికే వస్తుంది. నాకర్థమైంది ఇదీ.

ఈ మధ్య నేనూ సిటీ శివార్లలో ఫ్లాటు కోసం తిరుగుతున్నా. లింకు డాక్యుమెంట్లు, ముప్ఫై ఏళ్ళ ఈసీ అన్నీ అడిగాను. ఆ నేల ఎవరెవరి చేతులు మారిందో అందులో ఉంది, నేలలో ఏముందో లేదు. హుకర్ కంపెనీ దస్తావేజులో కనీసం 'ఇక్కడ రసాయనాలు పూడ్చాం, ఏమైనా అయితే మాకు సంబంధం లేదు' అని రాసింది. మీ ఫ్లాటు కాయితాల్లో ఆ మాటైనా ఉందేమో, ఓసారి చూసుకోండి.