దేహము కళాసాధనమైన వేళ

శిల్పికి శిల, చిత్రకారునకు వర్ణములు సాధనములు. నటునకు దేహమే సాధనము. కూచిపూడి నటుడు సత్యభామ వేషమున రంగమునకు వచ్చినప్పుడు ఆ దేహము మనకు సత్యభామదిగనే తోచును. ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున కొందరు కళాకారులు ఆ వేషమును సైతము విడిచి, తమ దేహమునే కళావస్తువుగా జనుల ముందుంచిరి. అప్పుడు ప్రేక్షకుని స్థానమేమైనది? విచారింపదగిన విషయమిదియే.

1955వ సంవత్సరమున టోక్యోలో, గుటాయి సంఘమువారి ప్రదర్శనయందు, కజువో షిరాగా అను చిత్రకారుడు కుంచెను విడిచి బురదరాశిలో దిగి, దానితో పెనుగులాడెను. బురదలో మిగిలిన జాడలే చిత్రమయ్యెను. అచట ప్రేక్షకులు కేవలము చూచువారు.

1964లో క్యోటో నగరమున యోకో ఓనో ప్రేక్షకులను వేదికమీదికే పిలిచెను. ఆమె నిశ్చలముగా కూర్చుండెను. ఎదుట ఒక కత్తెర. ఎవరైనను వచ్చి ఆమె ఉడుపులనుండి ఒక ముక్క కత్తిరించుకొని పోవచ్చును. మరుసటియేట న్యూయార్కులో జరిగిన ప్రదర్శనను చలనచిత్రముగా తీసిరి. అందొక యువకుడు లోదుస్తుల పట్టీలను సైతము కత్తిరించుటయు, ఆమె చేతులతో ఎదను కప్పుకొనుటయు కనిపించును.

బెల్‌గ్రేడులో జన్మించిన మరీనా అబ్రమోవిచ్ 1974లో నేపుల్స్ నగరమున ఇంకను ముందునకు పోయెను. బల్లపై 72 వస్తువులుంచెను. గులాబి, ఈక, తేనె ఉన్న ఆ బల్లపైనే కత్తియు, పిస్తోలును, ఒక తూటాయు కలవు. వానిని తనపై యథేచ్ఛగా ప్రయోగింపవచ్చునని, బాధ్యత తనదేయని వ్రాసియుంచి, 6 గంటలు మౌనముగా నిలిచెను. తొలుత జంకుచు సమీపించిన జనులే క్రమముగా ఆమె ఉడుపులు కోసిరి, మెడపై గాటుపెట్టిరి. ఒకరు పిస్తోలున తూటా దట్టించి ఆమెకు గురిచేయగా, మరియొకరు దానిని లాగివైచిరి. గడువు తీరి ఆమె కదలి రాగానే, ఎదుటపడలేక జనులు తొలగిపోయిరని ఆమెయే తరువాత చెప్పెను.

గాయము కళయగునా యను ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. గాయము తనంత తాను కళ కాజాలదు. కాని అనుమతి లభించినంత మాత్రమున చేసినవాని బాధ్యత తీరిపోదని ఆ రాత్రి తేటపడెను. పిస్తోలును లాగివైచిన చేయికిని అట్టి అనుమతియే కలదు గదా!

2010లో న్యూయార్కు ఆధునిక కళా సంగ్రహాలయమున అబ్రమోవిచ్ 700 గంటలకు పైగా ఒక కుర్చీలో కూర్చుండెను. ఈసారి వస్తువులు లేవు. ఎదుట ఒక ఖాళీ కుర్చీ మాత్రమే. వచ్చినవారు కూర్చుండి ఆమె కన్నులలోనికి చూచిరి. పలువురు కన్నీరు పెట్టిరి. కళాకారిణి దేహమదియే, మౌనమదియే. ఎదుటి మనిషికి ఏమి చేయవలెననునది మాత్రము, నాటివలెనే, వచ్చినవారి చేతిలోనే ఉండెను.