'అ' దగ్గర ఆగిన పని

కిందటేడు మా పేటలో జరిగిన ఒక సాహిత్య సమావేశంలో వీరేశలింగం పంతులుగారిని గురించి నాలుగు మాటలు చెబుతూ, ఆయన రాజమండ్రిలో కన్నుమూశారని అనేశాను. సభ ముగిశాక ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "కాదు నాయనా, 1919 మే 27న పంతులుగారు పోయింది మన చెన్నపట్నంలోనే, కొమర్రాజు లక్ష్మణరావుగారింట్లో" అన్నారు. ముప్ఫై ఏళ్లుగా బ్యాంకులో ఇతరుల లెక్కలు సరిచూసే నాకు ఈ తప్పు గట్టిగానే తగిలింది. ఆ ఇంటి యజమాని కథ అప్పుడే వెతికి చదివాను.

లక్ష్మణరావుగారు 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. మునగాల సంస్థానంలో దివానుగా ఉంటూ, 1906లో మిత్రులతో కలిసి హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. చరిత్ర, శాస్త్రాలు తెలుగువాడు తెలుగులోనే చదువుకోవాలన్నది దాని సంకల్పం. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాసిన అబ్రహాం లింకను చరిత్రతో ప్రచురణలు మొదలయ్యాయి. కొద్దికాలానికే మండలి మదరాసుకు తరలివచ్చింది.

అంతటితో ఆగక లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్నారు. మల్లంపల్లి సోమశేఖరశర్మగారి వంటి పండితులు తోడు నిలిచారు. మూడు సంపుటాలు వెలువడ్డాయి గాని, అక్షరక్రమంలో సాగిన ఆ పని 'అ'కారం దాటలేదు. 1923లో, నలభై ఆరో ఏట, ఆయన మదరాసులోనే పోయారు. తర్వాత ఆంధ్రపత్రిక కాశీనాథుని నాగేశ్వరరావుగారు ఆ బరువు తలకెత్తుకున్నారు. 1938లో ఆయనా వెళ్లిపోయారు. 1947లో మదరాసులోనే ఏర్పడిన తెలుగు భాషాసమితి అక్షరక్రమం విడిచి, విషయాలవారీగా సంపుటాలు వేసింది.

కామర్సు చదివినవాణ్ణి గనుక నాకు తోచింది ఇది: ఒక్క మనిషి భుజాల మీద నడిచే సంస్థ ఆ మనిషితోనే కుంటుపడుతుంది. పైగా అచ్చయిన సంపుటిలో తప్పు దొర్లితే, మళ్లీ అచ్చు వేసేదాకా దిద్దే దారి లేదు.

ఈ రెండు చిక్కులకూ విరుగుడు మన కాలంలో వచ్చింది. 2001 జనవరి 15న అమెరికాలో వికీపీడియా మొదలైంది. 2003లో దాన్ని నడపడానికి లాభాపేక్ష లేని వికీమీడియా ఫౌండేషన్ ఏర్పడింది. ఆ ఏడు డిసెంబరులోనే, వెన్న నాగార్జునగారి చొరవతో తెలుగు వికీపీడియా పుట్టింది. ఫౌండేషను యంత్రాలనూ నిధులనూ చూసుకుంటుంది. ప్రకటనలు వేయదు, విరాళాల మీద నడుస్తుంది. రాతకోతలన్నీ మనవంటి వారివే, జీతం లేకుండా.

నన్ను ఆకట్టుకున్నది ప్రతి పేజీ మీదా ఉండే 'చరిత్ర' అనే మీట. ఎవరు, ఏ రోజు, ఏ మాట మార్చారో అందులో కనిపిస్తుంది. మా లెడ్జరులోనూ తప్పు పద్దును చెరిపేయం, పక్కన సరైన పద్దు వేస్తాం. నమ్మకం అలాగే నిలుస్తుంది.

తెవికీలో ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. వాటిలో ఊళ్లను గురించి ఒకే మూసలో రాసిన పొట్టి వ్యాసాలు తక్కువేమీ కాదు. అయినా 'అ' దగ్గర ఆగిన పని 'క్ష' దాకా నడిచింది. అందులో పాటుపడినవారికి ఇచ్చిన పురస్కారానికి లక్ష్మణరావుగారి పేరే పెట్టుకోవడం సబబుగా ఉంది.

మరి మన సంగతి? ఆ పెద్దాయనకు చెన్నపట్నపు తెలుగు వీధులు, బడులు, అచ్చాఫీసుల కథలు ఎన్నో తెలుసు. "మీరు చెప్పండి, నేను తెవికీలో ఎక్కిస్తాను" అన్నాను. తీరా చూస్తే అక్కడ నోటిమాట చెల్లదు, ప్రచురితమైన ఆధారం చూపాలి. వోచరు లేని పద్దును నేనూ ఒప్పుకోను కనుక తప్పుపట్టలేకపోయాను.

అందుకని ఇప్పుడు ఆదివారాలు ఆయన చెబుతుంటే రాసుకుంటున్నాను. దొరికిన పాత రసీదులతో, కరపత్రాలతో సరిచూసి, ముందు ఇటువంటి పత్రికలకు పంపుదామనుకుంటున్నాం. 2006 చట్టం తర్వాత బడిలో తమిళం తప్పనిసరి అయింది, మన పిల్లల్లో తెలుగు చదవగలిగేవారు తగ్గిపోయారు. వాళ్లలో ఎవరో ఒకరు రేపు మన ఊసు వెతికితే ఆ పేజీ ఖాళీగా ఉండకూడదు. మీ ఇంట్లో ఉన్న పెద్దవాళ్లను అడగండి, రాసి పంపండి. ఆయనకు ఎనభై రెండేళ్లు. నేను ఒక్క ఆదివారం కూడా మానడం లేదు.