పోటు ఎత్తు అంచనా: చరిత్ర

సముద్రంలో ఒకానొక వేళకు నీటిమట్టం ఎంత ఉంటుందో ముందుగా లెక్కగట్టడమే పోటు ఎత్తు అంచనా. తీరం వెంట తెరచాప పడవ నడిపేవారికి ఇది తప్పనిసరి. నౌకాపటంలో అచ్చయ్యే లోతులను, నీరు దాదాపు అట్టడుగుకు దిగినప్పటి మట్టం నుంచి కొలుస్తారు. ఆ అంకెకు అప్పటి పోటు ఎత్తు కలిపితేనే ఇసుక మేట మీద ఎంత నీరుందో తెలుస్తుంది.

పోటు వేళ చెప్పడం పాత విద్య, ఎత్తు చెప్పడం కొత్తది. పోటుకూ చంద్రుడికీ పొత్తు ఉందని క్రీ.పూ. 4వ శతాబ్దిలోనే గ్రీకు నావికుడు పైథియాస్ గమనించాడు. ఒక్కో రేవుకు ఒక్కో పోటు వేళ ఉంటుందని 725లో ఇంగ్లండు సన్యాసి బీడ్ రాశాడు. లండన్ వంతెన దగ్గర పోటు వేళల పట్టిక ఒకటి 13వ శతాబ్ది నుంచి మిగిలింది. అందులో వేళ రోజుకు 48 నిమిషాల చొప్పున జరుగుతుంది. అసలు సగటు సుమారు 50 నిమిషాలు కాబట్టి ఆనాటికి అది మెచ్చదగ్గ లెక్కే. కానీ ఎత్తు ఊసే లేదు.

వేళ తెలియాలంటే చంద్రుణ్ణి చూస్తే చాలు. ఎత్తు తెలియాలంటే గుర్తులు వేసిన కొలకర్ర కావాలి, రాత్రింబవళ్ళు దాన్ని చూసే మనిషి కావాలి, ఏళ్ళ తరబడి ఓపిక కావాలి. ఆ ఓపిక లివర్‌పూల్ రేవు అధికారి విలియం హచిన్‌సన్‌కు ఉంది. 1764 జనవరి నుంచి 1793 దాకా ప్రతి పోటు వేళనూ ఎత్తునూ ఆయన రాసిపెట్టాడు. చంద్రసూర్యుల ఆకర్షణే పోటుకు కారణమని న్యూటన్ 1687లోనే చెప్పినా, సిద్ధాంతం ఒక్కటే ఏ రేవుకూ అంకె ఇవ్వలేదు. హచిన్‌సన్ కొలతల్లో తొలి కొన్నేళ్ళవి తీసుకుని, వాటికి డేనియల్ బెర్నూలీ 1740 నాటి సిద్ధాంతాన్ని జోడించి హోల్డెన్ కుటుంబం 1770లో పోటు పట్టికలు వేసింది. అప్పట్లో పట్టికలు కట్టేవారు లెక్క కిటుకులను ఇంటి గుట్టుగా దాచుకునేవారు.

ఆ గుట్టు గణితం చేతికి చిక్కింది 19వ శతాబ్దిలో. కాగితంపై తమంతట తామే గీత గీసే పోటు కొలమానాలు 1830ల్లో ఇంగ్లండులో వచ్చాయి. తర్వాత విలియం థామ్సన్, అంటే కెల్విన్ ప్రభువు, పోటును అనేక లయల మొత్తంగా విడగొట్టాడు. చంద్రుడిది ఒక లయ, సూర్యుడిది ఒకటి, చంద్రుడి దూరం మారడం వల్ల మరొకటి. వాటిని తిరిగి కలపడానికి 1872-73లో పది లయల కప్పీల యంత్రం తయారైంది.

దాని తర్వాతి పెద్ద యంత్రం భారతదేశపు రేవుల కోసమే పుట్టింది. ఎడ్వర్డ్ రాబర్ట్స్ పర్యవేక్షణలో 1879లో లండన్‌లో నిర్మించారు. ఇక్కడి కొలతలు ఓడెక్కి అక్కడికి వెళితే, లెక్కలు అచ్చు పట్టికలై తిరిగి వచ్చేవి. ఆ ఏడే విశాఖపట్నంలో కొలమానం పనిచేయడం మొదలుపెట్టింది. 1881 డిసెంబరు 31న నికోబార్ భూకంపం రేపిన సునామీ అలలు కూడా దాని గీతలోకెక్కాయి. పోటు కోసం పెట్టిన పరికరానికి ఇది అనుకోని పని.

విశాఖలో పెద్ద పోటుకు కూడా నీరు లేచేది సుమారు ఒకటిన్నర మీటరే. గుజరాత్‌లోని భావ్‌నగర్ దగ్గర పది మీటర్లు దాటుతుంది. అయినా నది మొగలో మేట దాటాల్సిన పడవకు ఆ ఒకటిన్నర మీటరూ తక్కువేమీ కాదు.

పట్టికలు గరిష్ఠ, కనిష్ఠ మట్టాలు చెబుతాయి. నడుమ గంటలకు నావికులు పన్నెండో వంతుల సూత్రం వాడతారు. పాటు నుంచి పోటుకు పట్టే ఆరు గంటల్లో నీరు ఆ రెండు మట్టాల తేడాలో వరుసగా 1, 2, 3, 3, 2, 1 పన్నెండో వంతులు లేస్తుంది. కనిష్ఠం 0.8 మీటర్లు, తేడా 3.6 మీటర్లయితే మూడు గంటలకు ఆరు వంతులు, అంటే 1.8 మీటర్లు లేచి మట్టం 2.6కు చేరుతుంది. పటంలో 0.4 మీటర్ల లోతున్న మేట మీద అప్పుడు మూడు మీటర్ల నీరుంటుంది.

ఈ సూత్రం రోజుకు రెండుసార్లు సాఫీగా పోటొచ్చే చోట్లకే చెల్లుతుంది. ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో పోటు రెండు శిఖరాలు తొక్కుతుంది. అక్కడ ఆ రేవు గ్రాఫునే చూడాలి. కంప్యూటర్లు కప్పీల యంత్రాలను మూలకు నెట్టినా, వాతావరణం మాత్రం లయల లెక్కకు బయటే ఉంది. గాలి పీడనం ఒక మిల్లీబార్ తగ్గితే నీరు సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. పీడనం పెరిగి, తీరం నుంచి సముద్రం వైపు గట్టిగా గాలి వీచే రోజున పట్టిక చెప్పినంత నీరు మేట మీద ఉండదు.