అజ్హర్ రొట్టె నుండి ఉచిత విద్య వరకు

ఈజిప్టు విద్యాచరిత్రను పరిశీలించేవారికి ఒక సత్యం స్పష్టంగా గోచరిస్తుంది. బీదవాని కోసం విద్యాలయ ద్వారం తెరచి ఉంచినంత మాత్రాన చాలదు. అతడు లోపల ఉండి చదువుకొనేంత కాలం అతని కూడూ గూడూ ఎవరు భరిస్తారన్నదే అసలు ప్రశ్న.

క్రీ.శ. 972లో ఫాతిమీల పాలనలో కైరోలో ప్రారంభమైన అల్ అజ్హర్ మస్జిదు కాలక్రమాన మహావిద్యాపీఠమైంది. అక్కడ విద్యకు రుసుము లేదు. దూరప్రాంతాల నుండి వచ్చిన విద్యార్థులకు వారి వారి ప్రాంతాల పేరిట 'రివాఖ్'లనబడే వసతులు ఉండేవి. ఎగువ ఈజిప్టు వారికి, సిరియా వారికి, మగ్రిబ్ వారికి వేర్వేరు రివాఖ్‌లు. అంధ విద్యార్థులకు ప్రత్యేకంగా ఒక నిలయం. దాతలు వక్ఫు చేసిన ఆస్తుల రాబడి నుండి విద్యార్థులకు దినబత్తెంగా రొట్టెలు పంచేవారు. రైతుబిడ్డ విద్వాంసుడు కావడానికి ఈ రొట్టె ఆధారమైంది.

19వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ముహమ్మద్ అలీ పాషా వక్ఫు భూములను పెద్దఎత్తున ప్రభుత్వపరం చేయడంతో ఈ ఆధారం బలహీనపడింది. ప్రభుత్వం నెలకొల్పిన ఆధునిక పాఠశాలలలో మొదట విద్యార్థుల పోషణను ప్రభుత్వమే భరించేది. 1882లో బ్రిటిషు ఆక్రమణ జరిగిన పిమ్మట, క్రోమర్ హయాంలో, ఆ పాఠశాలలలో రుసుము చెల్లించడమే నియమంగా మారింది. దానితో రెండు దారులు ఏర్పడ్డాయి. సర్కారీ కొలువులకు చేర్చే ఆధునిక విద్య డబ్బున్నవారిది; మస్జిదులోని పాత చదువు లేనివారిది.

ఈ రెండు దారులనూ నడిచి చూసినవాడు తాహా హుసేన్. 1889లో ఎగువ ఈజిప్టులోని ఒక పల్లెలో, పదముగ్గురు సంతానంలో ఏడవవాడుగా ఆయన జన్మించాడు. శైశవంలో కండ్లకలకకు నాటువైద్యం వికటించి చూపు పోయింది. గ్రామ మక్తబులో ఖుర్ఆన్ కంఠస్థం చేసి, 1902లో అజ్హర్ చేరాడు. అక్కడి పేద విద్యార్థులు వారాల తరబడి బెల్లపు పాకంలో అద్దుకొని తిన్న రొట్టెను, అందులో తగిలిన గడ్డిపరకలను, రాళ్ళను తన ఆత్మకథ 'అల్ అయ్యామ్'లో ఆయన వర్ణించాడు. ఆ రొట్టె నాణ్యత ఎలాంటిదైనా, అది లేనిదే ఆ చదువు లేదు.

1908లో ప్రైవేటు సంస్థగా ఈజిప్షియన్ విశ్వవిద్యాలయం వెలసినప్పుడు ఆయన అందులో చేరాడు. 1914లో అంధకవి అబుల్ అలా అల్ మఅర్రీపై పరిశోధనకు అక్కడ డాక్టరేటు పొందాడు. తరువాత విశ్వవిద్యాలయం ఖర్చుతో ఫ్రాన్సుకు వెళ్ళాడు. 1915లో సంస్థ ఆర్థిక చిక్కుల వల్ల కొంతకాలం స్వదేశానికి తిరిగి రావలసి వచ్చింది. ప్రతిభావంతుని విద్య సైతం పరుల ఖజానాపై ఆధారపడి ఉంటుందని ఆయనకు స్వానుభవమే నేర్పింది.

1950 జనవరిలో వఫ్ద్ ప్రభుత్వంలో విద్యామంత్రి పదవి లభించినప్పుడు ఆయన మాధ్యమిక, సాంకేతిక విద్యలలో రుసుములను రద్దు చేయించాడు. విద్య నీరు, గాలి వలె అందరికీ అందాలన్నది ఆయన వాదం. విశ్వవిద్యాలయానికి చేర్చే మెట్టు మాధ్యమిక పాఠశాల. ఆ మెట్టు మీద సుంకం ఉంటే పై ద్వారం తెరచినా వ్యర్థమే. అదే సంవత్సరం కైరోలో నేటి ఐన్ షమ్స్ విశ్వవిద్యాలయం కూడా స్థాపితమైంది.

ఈ విధానాన్ని విద్యావేత్త ఇస్మాయిల్ అల్ ఖబ్బానీ వ్యతిరేకించాడు. తగిన ఉపాధ్యాయులు, భవనాలు సిద్ధం కాకుండా సంఖ్యను పెంచితే ప్రమాణాలు పడిపోతాయని ఆయన హెచ్చరిక. అది తోసిపుచ్చదగిన వాదం కాదు. అయితే, ప్రమాణాలు కుదిరేదాకా వేచి ఉండే భారం ఎవరిపై పడుతుంది? రుసుము చెల్లించగలవారు వేచి ఉండనక్కరలేదు గదా!

1962లో నాసర్ ప్రభుత్వం విశ్వవిద్యాలయ విద్యను సైతం ఉచితం చేసింది. లక్షలాది కుటుంబాల నుండి మొదటిసారిగా పట్టభద్రులు వెలువడ్డారు. కాని తరగతులు కిక్కిరిశాయి. విశ్వవిద్యాలయ ప్రవేశాన్ని నిర్ణయించే మాధ్యమిక తుది పరీక్ష కోసం ప్రైవేటు ట్యూషన్లు వ్యాపించాయి. ముందు గుమ్మంలో రద్దయిన రుసుము పెరటి దారిన మళ్ళీ ప్రవేశించింది.

తాహా హుసేన్ 1973లో కన్నుమూశాడు. ఆయన రద్దు చేయించిన రుసుము చరిత్రలో కలిసింది. పేద విద్యార్థి చదువుకొనే రోజుల ఖర్చు ఎవరిదన్న ప్రశ్న మాత్రం కలియలేదు. పూర్వపు దాతలు ఆ ప్రశ్నకు రోజూ కొన్ని రొట్టెలతో సమాధానం చెప్పారు. ప్రతి తరమూ తనదైన సమాధానం చెప్పుకోవలసి ఉన్నది.