గౌతమి గట్టున బూర్బోన్ పేరు

కోనసీమ జిల్లాలోని కె.గంగవరం మండలం గౌతమీ పాయకు ఎడమ గట్టున, కోటిపల్లి రేవును కలుపుకొని విస్తరించిన డెల్టా నేల. ఇక్కడ పొలంలో వరి, గట్టు మీద తాడి, పెరట్లో కొబ్బరి పెరుగుతాయి. ఈ మూడింటి నుంచీ మద్యం తీయవచ్చు. మొదటిదాని నూకలు, మిగిలిన రెండింటి కల్లు అందుకు పనికివస్తాయి. అయినా ఈ ప్రాంతపు 'బ్రాందీ షాపు'లో అరల మీద కనిపించేవి విస్కీ, బ్రాందీ, రమ్ము అనే పరదేశపు పేర్లే. ఇంటి పంటకు లేని గౌరవం ఈ పేర్లకు ఎలా దక్కిందన్నది రుచికి సంబంధించిన ప్రశ్నగా కనిపించినా, దానికి జవాబు ఎక్కువ భాగం పన్నుల చరిత్రలోనూ, కొంత ఓడల చరిత్రలోనూ దొరుకుతుంది.

విస్కీ అంటే ధాన్యాన్ని నానబెట్టి, పులియబెట్టి, బట్టీ పట్టి, వచ్చిన సారాన్ని కర్రపీపాల్లో ఏళ్ల తరబడి నిలవ ఉంచి తీసే మద్యం. అందులో అమెరికా దేశపు రకం బర్బన్. 18వ శతాబ్దం చివర కెంటకీ ప్రాంతంలో స్థిరపడిన రైతులకు మొక్కజొన్న దండిగా పండేది. కొండదారుల మీదుగా గింజల బస్తాలను అంగడికి చేర్చడం కన్నా వాటిని సారాగా మార్చి పీపాల్లో పడవలెక్కించడం వారికి గిట్టుబాటైంది. మిగులు పంట మద్యమైన ఈ తీరు డెల్టా రైతుకు కొత్తగా తోచదు. 1785లో అక్కడ ఏర్పడిన ఒక కౌంటీకి, స్వాతంత్ర్య యుద్ధంలో సాయపడిన ఫ్రెంచి రాజు పట్ల కృతజ్ఞతగా, ఆ రాజవంశం పేరైన 'బూర్బోన్' అని పేరు పెట్టారు. అమెరికా వాళ్ల నోట అది బర్బన్ అయింది. మద్యానికి ఆ పేరు కౌంటీ నుంచే వచ్చిందని కొందరూ, న్యూ ఆర్లియన్స్ నగరంలోని అదే పేరున్న వీధి నుంచి వచ్చిందని మరికొందరూ వాదిస్తారు. వాదం ఎటు తేలినా మూలం ఆ రాజవంశమే.

ఆ రాజవంశం పేరు గోదావరి డెల్టాకు సీసా మీద ఎక్కి రాలేదు, అంతకు చాలా ముందే వచ్చింది. కోటిపల్లి నుంచి గౌతమి వెంట దిగువకు పోతే వచ్చే యానాం 18వ శతాబ్దపు తొలి భాగంలో ఫ్రెంచి వర్తక స్థావరంగా స్థిరపడినప్పుడు ఫ్రాన్సు సింహాసనం మీద ఉన్నది బూర్బోన్ వంశపు పదిహేనో లూయీ. ఆఫ్రికా తూర్పున హిందూ మహాసముద్రంలో నేడు రీయూనియన్ అని పిలిచే ద్వీపాన్ని 1848 వరకు బూర్బోన్ దీవి అనేవారు. అక్కడి చెరకు తోటల్లో పని చేయడానికి, ఒప్పందం రాసుకొని వెళ్లిన మొదటి భారతీయ కూలీలు 1828లో యానాం నుంచి ఓడ ఎక్కిన తెలుగువారే. చెరకు ఉన్నచోట బెల్లపు మడ్డి, మడ్డి ఉన్నచోట రమ్ము తప్పవు గనుక, బూర్బోన్ అన్న మాటకూ మద్యానికీ ముడి పడడం కెంటకీలోనే జరిగిందని అనుకోనక్కరలేదు. గౌతమి గట్టున పుట్టినవారికి ఆ మాట మొదట ఒక దీవి, ఒక ఒప్పందం, తిరిగి వస్తామో రామో తెలియని ఒక ప్రయాణం.

ఆ రోజుల్లో ఇక్కడి ఊళ్లలో తాగేది కల్లు. మోకు, ముస్తాదుతో తాడెక్కి, గెల కొనను కత్తితో పలుచగా చెక్కి, దాని కింద లొట్టి కట్టి దింపుకొనే ఈ రసం పొద్దున తియ్యగా ఉండి, ఎండెక్కే కొద్దీ తనంతట తానే పులుస్తుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం ఆగిపోయి, ఆ తీపి రసం తాటి బెల్లానికి పనికివస్తుంది. అంటే ఒకే చెట్టు, ఒకే గీత. పిడికెడు సున్నం ఉంటే వంటింటి సరుకు, లేకపోతే మత్తు పానీయం. ఈ సులువే ప్రభుత్వాలకు తలనొప్పి అయింది, ఎందుకంటే ధాన్యపు గిడ్డంగికి తాళం వేయవచ్చు గాని, గట్టు మీది తాడిచెట్టుకు వేయలేరు. అందుకే మద్రాసు ప్రభుత్వం 1886 నాటి ఆబ్కారీ చట్టం కింద, గీసే ప్రతి చెట్టుకూ పన్ను కట్టించుకొని గుర్తు వేసే పద్ధతిని పట్టుకుంది. ఆబ్కారీ అంటే మత్తు పానీయాల తయారీ, అమ్మకాల మీద సర్కారు అజమాయిషీ.

కల్లును గాని, బెల్లపు ఊటను గాని బట్టీ పడితే వచ్చేది సారా. దీని విషయంలో సర్కారు మరింత గట్టిగా వ్యవహరించింది: ఊరూరా ఉన్న చిన్న బట్టీలను మూయించి, జిల్లా మొత్తానికి సారా సరఫరా చేసే హక్కును ఒకే గుత్తేదారుకు ఒప్పగించి, చిల్లర దుకాణాలను ఏటా వేలం వేసింది. గోదావరి జిల్లాలో ఈ ఏర్పాటుకు కేంద్రమైనది సామర్లకోట. 19వ శతాబ్దం ముగిసే నాటికి అక్కడ వెలసిన దక్కన్ షుగర్ అండ్ ఆబ్కారీ కంపెనీ బెల్లాన్ని శుద్ధి చేసి పంచదార తీసేది, మిగిలిన మడ్డితో సారా కాచేది. కంపెనీ పేరులో పంచదార, ఆబ్కారీ జంటగా ఉండడమే ఈ వ్యాపారపు స్వరూపాన్ని చెబుతుంది. గంగవరం పరిసరాల్లో గీత గీసినవాడి చేతిలోని విద్య మెల్లగా కార్ఖానా విద్యగా మారింది. బట్టీ ఊరు దాటిపోయింది, ఊరికి మిగిలింది దుకాణం. విచిత్రమేమంటే సరిగ్గా ఆ దశకంలోనే, 1897లో, అమెరికా ప్రభుత్వం ఒకే బట్టీలో ఒకే కాలంలో కాచి, సర్కారు తాళం కింద నాలుగేళ్లు నిలవ ఉంచి, సగం పాళ్లు ఆల్కహాలుతో సీసాకెత్తిన విస్కీకి ప్రత్యేక హామీ ముద్ర ఇచ్చే చట్టం చేసింది. అక్కడి తాళం పన్నుతో పాటు నాణ్యతకూ కాపలా కాసింది. ఇక్కడి తాళం పన్నుకు మాత్రమే కాసింది.

ఆ కాలపు ఆబ్కారీ ఉద్యోగి జోలెలోని ఒక పనిముట్టు నేటికీ ప్రతి సీసా చీటీ మీద గుర్తు వదిలింది. అది హైడ్రోమీటరు, అంటే ద్రవంలో తేలే లోతును బట్టి ఆల్కహాలు పాలు చెప్పే గాజు లేదా లోహపు గొట్టం. బ్రిటిషు కొలతలో 'ప్రూఫ్' అంటే తుపాకిమందు మీద పోసినా అది అంటుకోగలిగినంత ఘాటు అని సంప్రదాయం. లెక్కలో అది నూటికి 57.1 పాళ్ల ఆల్కహాలు. దానికి నాలుగింట మూడు వంతులు 42.8. భారతీయ విస్కీ సీసా మీద '42.8 శాతం', '75 డిగ్రీల ప్రూఫ్', '25 యు.పి.' అని అచ్చయ్యే అంకెల అర్థం ఇదే, యు.పి. అంటే ప్రూఫ్ కన్నా తక్కువ. అమెరికా కొలత వేరు: అక్కడ ప్రూఫ్ సంఖ్య ఆల్కహాలు శాతానికి సరిగ్గా రెండింతలు. కాబట్టి 80 ప్రూఫ్ బర్బన్‌లో ఉన్నది 40 శాతమే, 75 ప్రూఫ్ దేశీ విస్కీలో ఉన్నది 42.8. పెద్ద అంకె చూసి బర్బన్ ఘాటైనదని తీర్పు చెప్పేవారు రెండు దేశాల తూకపురాళ్లను ఒకే త్రాసులో వేస్తున్నారన్న మాట.

అంకె కన్నా పెద్ద చిక్కు 'ఫారిన్ లిక్కర్' అన్న మాటతో వచ్చింది. ఆబ్కారీ లెక్కల్లో మద్యం రెండు పద్దులు: నాటు సారా, సీమ సరుకు. దేశంలోనే కాచి, రంగు, వాసన చేర్చి సీమ సరుకులా తయారు చేసినదాన్ని కూడా రెండో పద్దులోనే వేశారు. 'ఇండియన్ మేడ్ ఫారిన్ లిక్కర్' అనే, తనను తానే ఖండించుకొనే పేరు అలా పుట్టింది. 1826లో మద్రాసులో అంగస్ మెక్‌డోవెల్ పెట్టిన వర్తక సంస్థ మొదట దిగుమతుల మీద నడిచింది. 1951లో విఠల్ మాల్యా చేతికి వచ్చిన తర్వాత దేశీ తయారీకి మళ్లి, ఆ పేరు తెలుగు పల్లెల దాకా పాకింది. ఈ రకం విస్కీలో చాలావాటికి ఆధారం చెరకు మడ్డినో, నూకలనో కాచి, 96 శాతం దాకా శుద్ధి చేసిన స్పిరిట్. అంత శుద్ధిలో ముడిసరుకు వాసన మిగలదు, వాసనను తర్వాత బయటి నుంచి చేర్చాలి. మడ్డితో తీసినదాన్ని ఐరోపా సమాఖ్య విస్కీగా ఒప్పుకోదు. సామర్లకోట సారాకూ ఇలాంటి విస్కీకీ మధ్య బంధుత్వం చీటీలు చెప్పే దానికన్నా చాలా దగ్గరిది.

ఈ రెండు పద్దుల విభజన ఎంత బలమైనదో నిషేధాల కాలం చూపింది. 1937లో సేలం జిల్లాతో మొదలైన మద్యనిషేధం 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. గీతే బతుకుదెరువుగా ఉన్న వేల కుటుంబాలు ఒక్కసారిగా నేరస్థుల జాబితాలో పడ్డాయి. వారి పక్షాన గౌతు లచ్చన్న నడిపిన ఉద్యమం ఆంధ్ర రాష్ట్రపు తొలి ప్రభుత్వాన్నే కదిలించింది. నిషేధం ఎత్తివేయాలన్న రామమూర్తి కమిటీ నివేదికను అమలు చేయనందుకు వచ్చిన అవిశ్వాస తీర్మానంలో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అదే నెల మొదటి తేదీన యానాం ఫ్రెంచివారి నుంచి భారత పాలనకు మారింది. అంతవరకు మద్రాసు చట్టం యానాం పొలిమేర దగ్గర ఆగిపోయేది. ఆ తర్వాత కూడా యానాం పుదుచ్చేరితో కలిసి ఉండడంతో దాని మద్యం పన్నులు వేరుగానే సాగాయి. బాల్య వివాహాల నిషేధ చట్టం వచ్చిన రోజుల్లో, అది వర్తించని ఆ ఫ్రెంచి నేల మీద పెళ్లిళ్లు చేయడానికి పడవ ఎక్కినట్టే, నిషేధపు రోజుల్లో సీసాల కోసమూ గౌతమి గట్టు యానాం వైపు చూసింది.

1969లో నిషేధం తొలగి, సారా వేలంపాటలు తిరిగి వచ్చి, 1980లలో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో అందించే 'వారుణి వాహిని' వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1992లో లేవదీసిన ఉద్యమం దాన్ని అంతం చేసింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధమైంది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో అది సడలింది. ఆ ఆడవారి పోరాటం న్యాయమైనది, వారి లెక్క కూలి డబ్బుల లెక్క. కానీ సడలింపులో తిరిగి వచ్చింది 'ఫారిన్' పద్దు మాత్రమే. సారా తిరిగి రాలేదు. కూలివాడి సాయంత్రం ప్యాకెట్ నుంచి క్వార్టర్ సీసాకు మారింది, అంతే.

ఈ నేపథ్యంలో మేలైన విస్కీలను పోల్చి చూడడమంటే మొదట ముడిసరుకును, తర్వాత పీపాను, ఆ తర్వాతే పేరును చూడాలి. బర్బన్‌కు అమెరికా చట్టం పెట్టిన షరతులు స్పష్టం: గింజల్లో కనీసం 51 శాతం మొక్కజొన్న, బట్టీ నుంచి 80 శాతానికి మించని ఘాటుతో దిగాలి, లోపలి వైపు కాల్చి బొగ్గు చేసిన కొత్త ఓకు పీపాలో 62.5 శాతానికి మించకుండా నింపాలి. నీరు తప్ప మరేదీ కలపరాదు. 1964లో అమెరికా కాంగ్రెసు దాన్ని ఆ దేశపు విశిష్ట ఉత్పత్తిగా తీర్మానించింది. మొక్కజొన్న తీపి, కాలిన ఓకు చెక్క ఇచ్చే వనిల్లా వాసన కలిసి బర్బన్‌కు తాటి బెల్లపు పాకాన్ని తలపించే గుణం తెస్తాయి. మొక్కజొన్న బదులు రై ధాన్యం ఎక్కువైతే మిరియపు ఘాటు వస్తుంది. స్కాట్లండ్‌లో మొలకెత్తించిన బార్లీని కొన్నిచోట్ల పీట్ అనే బురదనేలల ఇంధనపు పొగతో ఆరబెడతారు; ఆ విస్కీ వాసన కుండలో కాల్చిన తేగల పొగకు దగ్గర. ఐర్లండ్ విస్కీని సాధారణంగా మూడుసార్లు బట్టీ పట్టడం వల్ల అది నాలుక మీద మెత్తగా జారుతుంది. ఒకే ఆకారపు గ్లాసుల్లో, కాసిని నీళ్లు కలిపి ఘాటును సమం చేసి, ముందు ముక్కుతో, తర్వాత నాలుకతో చూస్తే గాని ఈ తేడాలు తెలియవు. ఐసు, సోడా, మిరపకాయ బజ్జీ మధ్య అన్ని విస్కీలూ ఒకటే.

బర్బన్‌కు ప్రతిసారీ కొత్త పీపా కావాలన్న నియమం వల్ల వాడేసిన పీపాలు ప్రపంచమంతటా అమ్ముడుపోతాయి, వాటిలో కొన్ని భారతదేశానికీ వస్తాయి. 1948లో పుట్టిన బెంగళూరు సంస్థ అమృత్, బార్లీతో తీసిన తన సింగిల్ మాల్ట్‌ను 2004లో గ్లాస్గో నగరంలో విడుదల చేసింది. ఆ విస్కీ పండేది ఎక్కువగా అలాంటి పీపాల్లోనే. స్కాట్లండ్ చలిలో పీపా నుంచి ఏటా సుమారు రెండు శాతం ఆవిరైతే, బెంగళూరులో పది శాతం దాటుతుంది. అందుకే ఇక్కడ నాలుగైదేళ్లకే విస్కీ ముదురుతుంది, పదేళ్లు ఆగితే పీపాలో అడుగు కనిపిస్తుంది. వయసు అంకె పెద్దదైతే విస్కీ గొప్పదన్న నమ్మకం చలిదేశపు లెక్క. దాన్ని వేడిదేశపు సీసాకు అంటగట్టడం తప్పు. ఇక బర్బన్ మీద 150 శాతంగా ఉన్న దిగుమతి సుంకాన్ని భారత ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో 100 శాతానికి తగ్గించింది.

కెంటకీ తన మొక్కజొన్నకు చేసినదాన్ని గోవా తన జీడిమామిడికి చేసింది: అక్కడి జీడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది, అక్కడే కొబ్బరి కల్లుతోనూ ఫెనీ కాస్తారు. శ్రీలంకలో కొబ్బరి కల్లు సారాను కర్రతొట్లలో ఏళ్ల తరబడి పండించి ఎగుమతి చేస్తారు. కోనసీమలో కొబ్బరికి కొదవ లేదు, గీసే చేతికీ లేదు. కోటిపల్లి దారిలో లైసెన్సుతో దింపిన కల్లు అమ్మడం చట్టసమ్మతమే. దాన్నే బట్టీ పట్టి పీపాలో నిలవ ఉంచితే అది నేటికీ నేరం.