బోణీ బేరం, ఇస్తాంబుల్

ఇస్తాంబుల్ గ్రాండ్ బజార్‌కి వెళ్తున్నామంటే ముందు వినబడే సలహా ఒకటే: చెప్పిన రేటులో సగానికి అడుగు. టర్కిష్‌లో దాని పేరు కపాలీ చార్షీ. పైకప్పు ఉన్న అంగడి అని అర్థం. అరవై దాకా వీధులు, నాలుగు వేల దాకా కొట్లు. మన సుల్తాన్ బజార్‌లో ఆరితేరినవాళ్ళకి అక్కడ చెయ్యి తిరగడానికి ఎంతోసేపు పట్టదు. బేరమనేది ఇలాంటి తూర్పు బజార్ల రక్తంలోనే ఉందనీ, ఫిక్స్‌డ్ రేటు పడమటివాళ్ళు తెచ్చిన నాగరికత అనీ మనకొక నమ్మకం. ఈ బజారు చరిత్ర చూస్తే కథ అంత సులువుగా లేదు.

రెండో మెహ్మెద్ 1453లో కాన్‌స్టాంటినోపుల్‌ని గెలిచాడు. రెండు మూడేళ్ళు తిరక్కుండానే ఇక్కడ బెదెస్తెన్ అనే రాతి కట్టడం మొదలుపెట్టించాడు. ఇనప తలుపులు, పదిహేను గుమ్మటాలు. మసీదుగా మార్చిన హాగియా సోఫియా ఖర్చులకి దీని మీద వచ్చే అద్దె ఆధారం. ఖరీదైన సరుకు ఇందులో అమ్మేవారు, ఊళ్ళో కలవారు తమ విలువైన వస్తువుల్ని భద్రంగా దాచుకునేవారు కూడా. మిగతా బజారంతా దీని చుట్టూ మెల్లగా అల్లుకుంది.

వృత్తికో వీధి. కుచ్చుటోపీలు అమ్మిన ఫెజ్ వీధి పేరు ఇవాళ్టికీ ఉంది. ఆ టోపీని మాత్రం 1925లో చట్టం చేసి మాన్పించారు. పాతకాలంలో కొట్టంటే గోడకి కొన్ని అరలు, ముందొక తిన్నె. బోర్డుల్లేవు. ఒకే సరుకు అమ్మేవాళ్ళంతా పక్కపక్కనే కూర్చునేవారు. నాణ్యత మీద వృత్తి సంఘం కన్ను ఉండేది. చాలా సరుకులకి ప్రభుత్వమే ధర కట్టేది. దాన్ని నార్హ్ అనేవారు. 1640 నాటి ధరల పట్టీ చరిత్రకారులకి దొరికింది కూడా. ఖాజీ మనుషులు తూకాలూ ధరలూ తనిఖీ చేసేవారు. అలాగని బేరాలు లేవని కాదు. నగలకీ, పాత వస్తువులకీ ఏ పట్టీ రేటు కట్టగలదు? కాకపోతే ఆ బేరానికి చుట్టూ ఒక కంచె ఉండేది.

ఆ కాలం మర్యాదల్లో ఒకటి మనకి బాగా తెలిసిందే. రోజులో మొదటి అమ్మకాన్ని టర్కిష్‌లో సిఫ్తాహ్ అంటారు. అచ్చం మన బోణీ. మనవాళ్ళు బోణీ డబ్బులు కళ్ళకద్దుకుంటే అక్కడివాళ్ళు గడ్డానికి రాసుకుంటారు. తనకి బోణీ అయిన వర్తకుడు తర్వాత వచ్చినవాడితో ‘పక్కకొట్లో ఇంకా బోణీ కాలేదు, అక్కడ కొనుక్కోండి’ అనేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అందరూ అన్నిసార్లూ అలాగే చేశారని నమ్మక్కర్లేదు. కానీ పక్కవాడి ఆకలిని కూడా లెక్కలో వేసుకున్న వ్యాపారం ఒకటి అక్కడి జ్ఞాపకంలో ఉంది.

పందొమ్మిదో శతాబ్దంలో ఆ కంచె విరిగింది. 1838లో బ్రిటన్‌తో జరిగిన ఒప్పందంతో మిల్లు బట్ట తక్కువ సుంకానికే దిగుమతైంది. సంఘాలు చితికిపోయాయి. నగరంలో కొత్త డబ్బు పెరా వైపు, అద్దాల షాపులవైపు మళ్ళింది. 1889 నుంచి పారిస్ రైలు నేరుగా ఇస్తాంబుల్ రావడం మొదలయ్యాక టూరిస్టులు పెరిగారు. నిన్నటిదాకా కొన్నవాడు రేపు మళ్ళీ వచ్చేవాడు. ఇప్పుడు వచ్చేవాడు మళ్ళీ కనబడడు. మళ్ళీ కనబడనివాడితో చేసే బేరం వేరు.

మరి ఫిక్స్‌డ్ రేటు ఎక్కడిది? పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్‌లో జార్జ్ ఫాక్స్ తన క్వేకర్లకి ఒక్కటే ధర చెప్పమన్నాడు. పుచ్చుకోబోని ధర అడగడం అబద్ధమే కదా అన్నది ఆయన వాదన. 1673లో జపాన్‌లోని ఎదో నగరంలో మిత్సుయి వాళ్ళ బట్టలకొట్టు మొదలైంది. ‘నగదు మాత్రమే, బేరాల్లేవు’ అన్న పద్ధతితో అది పేరు తెచ్చుకుంది. అంటే ఇది పడమటి సొత్తే కాదు. పారిస్‌లో 1852లో బోన్ మార్షేలో చేరిన బుసికో ఈ పద్ధతినే పెద్దయెత్తున నడిపాడు. దీనివల్ల ఎక్కువ లాభపడింది మొహమాటస్తులు, పిల్లలు, ఆ ఊరి భాష రానివాళ్ళు. బేరం తెలిసినవాడికి దక్కే రేటే వాళ్ళకీ దక్కింది.

ఇవాళ మనం నలుగురు స్నేహితులం కలిసి కపాలీ చార్షీకి వెళ్తే జరిగేది నాటకం. ఒకరికి దీపం తెగ నచ్చేస్తుంది, ఇంకొకరు పెదవి విరుస్తారు, మూడో మనిషి ‘పదండే, బయట ఇంకా చవక’ అని తెలుగులో అంటూ నడక మొదలుపెడతారు. కొట్టతను కాల్క్యులేటర్ చేతికిచ్చి నవ్వుతాడు. భాష రాకపోయినా ఆ సీను అతనికి కంఠతా వచ్చు. ఇందులో సరదా ఉంది, కాదనను. కానీ 2021 ఒక్క ఏడాదిలోనే డాలరుతో పోలిస్తే లీరా విలువ 40 శాతానికి పైగా పడిపోయింది. ఆ దేశంలో జీతగాడికి అది ఇంటి అద్దె సమస్య, విదేశీ కరెన్సీతో వెళ్ళిన మనకి డిస్కౌంట్. మనం గెలిచామనుకునే బేరంలో కొంత ఆ పతనం చేసిపెట్టిన పనే.

బేరం తప్పనడానికి ఇదంతా చెప్పడం లేదు. దీపంకొట్టు దగ్గర కనీసం ఇద్దరం మాట్లాడుకుంటాం. ఎదుటివాడి మొహం కనబడుతుంది, అతనికి బోణీ అయిందో లేదో అడగొచ్చు. ఫోన్లో క్యాబ్ బుక్ చేసినా, విమానం టికెట్ కొన్నా గంటకో రేటు మారుతోంది. అక్కడా బేరమే నడుస్తోంది, మాట్లాడే అవకాశం మాత్రం ఒక్క పక్షానికే. ఆ రేటు ఎవరు కట్టారో చెప్పే పట్టీ లేదు, అడగడానికి ఖాజీ లేడు. 1640 నాటి పట్టీలో రేట్లు తప్పయితే తప్పు, కానీ అందరికీ ఒకటే.